వేళ తప్పని చిప్పు: తొలి పీసీల్లో డీఎంఏ కంట్రోలర్

పర్సనల్ కంప్యూటర్ చరిత్ర చెప్పేవాళ్లు ప్రాసెసర్‌తో మొదలుపెట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌తో ముగిస్తారు. మదర్‌బోర్డు మీద 40 కాళ్లతో కూర్చున్న 8237 అనే డీఎంఏ కంట్రోలర్ చిప్పు ఊసు సాధారణంగా రాదు. వచ్చినా, ప్రాసెసర్ మీద భారం తగ్గించి యంత్రం వేగం పెంచడానికి పెట్టారని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట సగమే నిజమని నా వాదన. తొలి పీసీలో డీఎంఏ కంట్రోలర్‌కు అప్పగించిన అసలు ఉద్యోగం వేళ తప్పకుండా చూడడం. పరికరానికీ మెమరీకీ మధ్య డేటాను ప్రాసెసర్ చేతిమీదుగా కాకుండా నేరుగా నడిపే ఏర్పాటే డీఎంఏ. ఈ ఊహ 1950ల చివర ఐబీఎం 709 లాంటి పెద్ద యంత్రాల్లోనే చానెళ్ల రూపంలో ఉంది. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీలో అది ఒక్క చిప్పులో ఒదిగింది. ఏఎండీ 9517గా పుట్టి, ఇంటెల్ పేరుతో 8237గా అమ్ముడైన ఆ చిప్పులో నాలుగు చానెళ్లున్నాయి.

వాటిలో సున్నా చానెల్ ఏ పరికరానికీ చెందదు. డైనమిక్ మెమరీలో ప్రతి బిట్టూ ఒక బుల్లి కెపాసిటర్‌లోని ఛార్జి. అది కారిపోతూనే ఉంటుంది. చిప్పులోని 128 వరసల్నీ 2 మిల్లీసెకన్లలోగా ఒక్కసారైనా తాకకపోతే అందులో రాసింది నిలుస్తుందన్న పూచీ లేదు. అందుకని 8253 టైమర్ తన గడియారంలో 18 టిక్కులు లెక్కపెట్టి, అంటే సుమారు 15 మైక్రోసెకన్లకోసారి, సున్నా చానెల్‌ను తడుతుంది. కంట్రోలర్ ప్రాసెసర్‌ను అడిగి బస్ పుచ్చుకుంటుంది, ఒక ఉత్తుత్తి రీడ్ చేస్తుంది, అడ్రసును ఒకటి పెంచుకుని బస్ తిరిగి ఇచ్చేస్తుంది. 128 సార్లు తిరిగేసరికి 1.93 మిల్లీసెకన్లు, గడువుకు కాస్త ముందే. చదివిన బైట్‌తో ఎవరికీ పనిలేదు. దీనివల్ల యంత్రం వేగం రవ్వంత తగ్గుతుందే తప్ప పెరగదు. వేగమే ధ్యేయమైతే నాలుగు చానెళ్లలో ఒకదాన్ని ఇలా కట్టబెట్టేవారు కాదు.

రెండో చానెల్ ఫ్లాపీది. అప్పటి ఫ్లాపీ నుంచి 32 మైక్రోసెకన్లకో బైట్ వస్తుంది. 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది 150 టిక్కుల పైమాట. బైట్ అందుకోవడం దానికి చేతకాని పనేం కాదు. చిక్కల్లా డిస్క్ ఆగకపోవడంలో ఉంది. ఎన్‌ఈసీ 765 ఫ్లాపీ కంట్రోలర్‌లో సెక్టార్‌ను దాచుకునే బఫర్ లేదు. ఒక బైట్‌ను వేళకు తీసుకోకపోతే ఓవర్‌రన్, మళ్లీ ఆ సెక్టార్ రీడ్ హెడ్ కిందికి వచ్చేదాకా కాచుకోవాలి. ఆపిల్ 2 యంత్రం ఏ డీఎంఏ లేకుండానే, వోజ్నియాక్ రాసిన బిగువైన కోడ్‌తో, ఇంచుమించు ఇదే వేగంతో ఫ్లాపీ చదివింది కదా అని మీరు అడగవచ్చు. చదివింది, నిజమే, చదివినంతసేపూ ప్రాసెసర్ మరో పని ముట్టలేదు. ఐబీఎం తన ఇంట్లోనే ఈ పరీక్ష చేసి చూపించింది. 1983 నవంబర్‌లో ప్రకటించిన పీసీజూనియర్‌లో ఖర్చు తగ్గించడానికి 8237ను తీసేశారు. మెమరీ వరసల్ని తాకే రిఫ్రెష్ పని వీడియో సర్క్యూట్ మీద పడింది. ఫ్లాపీ తిరుగుతున్నంతసేపూ ఇంటరప్టులు మూసేయాల్సి వచ్చింది. ఆ సమయంలో సీరియల్ పోర్టు మీద వచ్చే డేటాకు దిక్కు లేదు. చిప్పు విలువ తెలుసుకోవడానికి అది లేని యంత్రాన్ని మించిన సాక్ష్యం ఉండదు.

బలమైన ఆక్షేపణ 1984 నాటి పీసీ ఏటీ నుంచి వస్తుంది. అందులో రెండు 8237లు, ఏడు వాడదగ్గ చానెళ్లు. అయినా హార్డ్ డిస్క్ డేటాను ప్రాసెసరే మోసింది. దాని ప్రాసెసర్ 80286కు వచ్చిన స్ట్రింగ్ ఇన్‌పుట్ ఇన్‌స్ట్రక్షన్లు, సగం గడియారం మీద నడిచే డీఎంఏ కంటే చురుకైనవి. మరి డీఎంఏ దండగేనా? ఏటీ హార్డ్ డిస్క్ కంట్రోలర్‌లో సెక్టార్ బఫర్ ఉందన్న సంగతి గమనించాలి. 512 బైట్లు అక్కడ కుదురుగా ఉంటాయి. ప్రాసెసర్ తీరిక చూసుకుని తీసుకోవచ్చు. గడువు లేనిచోట డీఎంఏను పక్కనపెట్టారు. గడువున్న ఫ్లాపీని మాత్రం అదే యంత్రంలో రెండో చానెల్ మీదే ఉంచారు. పీసీ ఎక్స్‌టీ యంత్రంలోని హార్డ్ డిస్క్ సంగతి వేరు, ఒప్పుకోవాలి: అక్కడ బఫర్ ఉన్నా మూడో చానెల్ వాడారు, దాని ప్రాసెసర్ 8088కు ఆ ఇన్‌స్ట్రక్షన్లు లేవు కాబట్టి. నేను సగం నిజమన్నది అందుకే. 1989లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు కథ తిరిగి మొదటి దారికే వస్తుంది. 11 కిలోహెర్ట్జ్ శబ్దానికి 90 మైక్రోసెకన్లకో బైట్ చాలు, కానీ ఒక్కటి ఆలస్యమైనా చెవి పట్టేస్తుంది.

ఇక 8237 మీద అందరూ వేసే నింద 64 కిలోబైట్ల గోడ. దాని అడ్రస్ రిజిస్టర్ 16 బిట్లే. పై నాలుగు బిట్లను ఐబీఎం వేరే పేజీ రిజిస్టర్‌లో పెట్టింది. కంట్రోలర్ లెక్క 65,535 దాటి సున్నాకు వచ్చినా ఆ రిజిస్టర్ కదలదు. డేటా పక్క పేజీలోకి పోవాల్సింది పోయి, అదే పేజీ మొదట్లో ఉన్నదాన్ని తుడిచేస్తుంది. అందుకే బయాస్ అలాంటి కోరికను 9వ నంబరు ఎర్రర్‌తో తిప్పికొట్టేది. ఇది మొరటు అతుకేనని నేనూ అంటాను. అయితే 1981 నాటి ఫ్లాపీ ట్రాక్ మొత్తం 4 కిలోబైట్లు; ఆ పనికి 64 విశాలమే. ఏడాదిలో, బజారులో దొరికే చిప్పులతో యంత్రాన్ని తేవాలనుకున్న ఐబీఎం బోకా రాటన్ బృందం ఇంతకంటే ఖర్చు పెట్టకపోవడం నాకు తప్పుగా తోచదు. తరువాత పీసీఐ కార్డులు సొంత బఫర్లతో, సొంత డీఎంఏతో వచ్చి వేళ చూసుకునే పనిని తామే తీసుకున్నాయి. ఏటీలో పేజీ రిజిస్టర్ ఎనిమిది బిట్లకు పెరగడంతో ఏర్పడిన 16 మెగాబైట్ల హద్దు మాత్రం, 8237 బోర్డుల మీద విడి చిప్పుగా కనపడకుండా పోయిన చాన్నాళ్లకు కూడా, లినక్స్ కెర్నల్‌లో డీఎంఏ జోన్ పేరుతో కొనసాగింది.