ఇంటి కొనుగోలు సుంకము - పంచాయతీ రాబడి



ఇల్లు కొనువాడు అమ్మినవానికి వెల చెల్లించినంత మాత్రమున పని ముగియదు. దస్తావేజు రిజిస్టరు చేయించుటకు మరికొంత సొమ్ము కావలెను. తెలంగాణలో 2021 జూలైలో నిర్ణయించిన రేట్లను ఉదాహరణగా తీసికొందము. స్టాంపు సుంకము 5.5 శాతము, బదిలీ సుంకము 1.5 శాతము, రిజిస్ట్రేషను రుసుము 0.5 శాతము; వెరసి 7.5 శాతము. 10 లక్షల రూపాయల ఇంటికి ఇది 75,000 రూపాయలగును.

ఈ భారమునకు వెరచి పలువురు అసలు వెల చూపరు. ప్రభుత్వ విలువ 6 లక్షలైనచో ఆ మొత్తమునకే వ్రాయింతురు. అప్పుడు వచ్చునది 45,000 రూపాయలే. స్థానిక సంస్థల కొరకు ఉద్దేశించిన బదిలీ సుంకము 15,000 నుండి 9,000కు పడిపోవును. వీధిదీపమునకును, మురుగు కాలువకును చేరవలసిన సొమ్ము ఆ మేరకు తరుగును.

కొనువానికిని నష్టమే. దస్తావేజులో తక్కువ వెల యున్న, బ్యాంకు అప్పును తదనుగుణముగా తగ్గింపవచ్చును. భూములు, స్థలముల విషయములో నష్టము ఊరంతటికిని ప్రాకును. 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము పరిహారమును లెక్కించునపుడు సమీపములో రిజిస్టరైన క్రయముల వెలలను కూడ చూతురు. నేడు తగ్గించి వ్రాసిన అంకె రేపు పొరుగు రైతు పరిహారమును తగ్గింపగలదు.

మరి సంస్కరణ యెట్లుండవలెను? స్టాంపు సుంకము 3 శాతమై, తక్కిన రెండును యథాతథముగా నున్నవనుకొందము. మొత్తము 5 శాతము. నిజమైన 10 లక్షలకు వ్రాసినచో 50,000 రూపాయలు వచ్చును. ఇది పై 45,000 కంటె ఎక్కువ. కొనువానికి ధర్మముగా చెల్లించవలసినదానిలో 25,000 మిగులును. పంచాయతీల పద్దుకు పూర్తిగా 15,000 జమయగును. కాని రేటు తగ్గినంతనే అందరును నిజము వ్రాయుదురని తలపరాదు. ప్రభుత్వ విలువలను గూడ ఎప్పటికప్పుడు సరిచూచుచుండవలెను.

తాత్కాలికపు రాయితీ చాలదు. మహారాష్ట్రలో 2020 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు సుంకమును 3 శాతము మేర తగ్గింపగా, గడువు ముగియుటకు ముందు రిజిస్ట్రేషన్లు వెల్లువెత్తినవి. తరువాత కొనదలచినవారు పలువురు ముందుగనే కొనిరి. స్థిరమైన రేటే కొనువారికిని, కట్టువారికిని ధైర్యమిచ్చును. 2024 జూలై కేంద్ర బడ్జెటులో కూడ అధిక సుంకము గల రాష్ట్రములు దానిని తగ్గింపవలెననియు, స్త్రీల కొనుగోళ్లకు మరింత తగ్గింపును పరిశీలింపవలెననియు సూచించిరి. ఈ సుంకపు రేట్లను నిర్ణయించు అధికారము రాష్ట్రములదే.

కనుక సభ్యులారా, మీ బదిలీ సుంకపు పద్దును గ్రామసభలో చదివి వినిపింపుడు. నిజమైన వెల వ్రాయుడని కొనువారికి నచ్చజెప్పుడు. రేటు తగ్గవలెనని తీర్మానించునపుడు స్థానిక సంస్థల వాటా తగ్గరాదని గూడ అందు చేర్పుడు. ఇల్లు కొనువాని మేలును, ఊరి మేలును కలిసి సాగవలెనని మా మనవి.