చిల్లా రోజుల్లో బాలింతకు మనం చెల్లించవలసిన బాకీ



సోదర సోదరీమణులారా! హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనం విద్య, ఉద్యోగం, ప్రాతినిధ్యం అంటాము. పుట్టిన గంటలోనే మొదలయ్యే హక్కు మరొకటున్నది. అది బిడ్డకు తల్లిపాలపై గల హక్కు. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

కాన్పయిన గంటలోపే బిడ్డను రొమ్ముకు చేర్చాలి. తొలి రెండు మూడు రోజుల ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి. శిశువు కడుపూ అంతే చిన్నది. రోగాలను అడ్డుకొనే శక్తి గల ఆ పాలను పిండి పారబోసి, చక్కెరనీళ్లో తేనెయో పట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తహ్నీక్ రుచి చూపడం వరకే. అది పాలకు అడ్డు కారాదు. ఏడాది నిండేవరకు తేనె వద్దు. ఆరు నెలల వరకు, ఎండాకాలమైనా సరే, తల్లిపాలు తప్ప నీళ్లు సైతం అక్కరలేదు.

మూడు నాలుగు రోజులకు పాలు పడతాయి. బిడ్డ తాగేకొద్దీ ఊరుతాయి. కనుక రాత్రింబగళ్లు కలిపి 8 నుండి 12 సార్లు పట్టాలి. బిడ్డ ఏడ్చిందని వెంటనే డబ్బాపాలు తెస్తే, రొమ్ము పట్టడం తగ్గి, ఉన్న పాలూ తగ్గిపోతాయి. అయిదవ రోజు తరువాత దినానికి ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, రెండు వారాలకు పుట్టిననాటి బరువుకు చేరితే పాలు చాలుతున్నట్లే. బిడ్డ మందకొడిగా ఉండి పాలు తాగకున్నా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయక వైద్యునికి చూపాలి.

ఇన్నిసార్లు పాలివ్వవలసిన తల్లికి తీరిక ఎవరివ్వాలి? దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా అధ్యాయం 233వ ఆయతు రెండేళ్ల పాలగడువును పేర్కొంటూనే, ఆ తల్లి అన్నవస్త్రాల భారాన్ని తండ్రిపై ఉంచింది. పాలు తల్లివి, వంట, నీళ్లు, పెద్దపిల్లల ఆలనాపాలనా ఇంటిల్లిపాదివీ.

ప్రభుత్వానికీ బాధ్యత ఉన్నది. సంస్థల్లో పనిచేసే స్త్రీకి తొలి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు 2017 నుండి ఉన్నది. ఇంట్లో బీడీలు చుట్టే, జరీ పని చేసే మన ఆడపడుచులకు ఆ సెలవు అందడం అరుదు. చుట్టినన్ని బీడీలకే కూలి గనుక వారు చిల్లా తీరకముందే చాట ముందు కూర్చుంటున్నారు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం గర్భిణికీ, కాన్పు తరువాత ఆరు నెలల వరకు బాలింతకూ అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని, 6,000 రూపాయలకు తగ్గని ప్రసూతి సాయాన్ని హక్కుగా చేసింది. కేంద్ర పథకమైన మాతృ వందన మాత్రం మొదటి కాన్పుకు 5,000 ఇస్తున్నది. రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితేనే 6,000. చట్టం మాటకూ, పథకం చేతకూ మధ్యనున్న ఈ తేడాను మనం అడగాలి.

అడిగేలోగా చేయదగినవీ ఉన్నాయి. గర్భం తెలిసిన వెంటనే అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించండి. ఆసుపత్రి కాన్పు తరువాత 42 రోజులలో ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావలసి ఉన్నది. రాకుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ప్రతి మస్జిదు కమిటీ తన మొహల్లాలోని పేద బాలింతకు చిల్లా రోజుల కూలినష్టం భరించగలిగితే, ఆ బిడ్డ హక్కును మనమే కాపాడినవారమవుతాము.

సెలవు.