మా ఇంటి మూకుడు
(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది కనుక ఈ తేదీ మనకు పండుగైంది. దాని గురించి, కరువు భత్యం గురించి నాకంటే తెలిసినవారు మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను "ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. నేను సర్వీసంతా ఫైళ్లు నడిపినవాణ్ణి. స్పానరు పట్టింది రిటైరయ్యాకే. కాబట్టి మేడ మీది డిష్‌ను మనమే చోటు మార్చి, మళ్లీ బొమ్మ తెప్పించుకోవడం ఎలాగో చెబుతాను.

ఉపగ్రహం ద్వారా టీవీ మన రాష్ట్రానికి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు కార్యక్రమాలు అందాయి. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. అప్పటి డిష్ పది అడుగుల వెడల్పు, కోళ్లగూటి వలలాంటి ఇనుప వలతో చేసినది. ఇప్పుడు రెండడుగులది చాలు. 2004 డిసెంబరులో దూరదర్శన్ వారు మొదలుపెట్టిన ఉచిత డిష్‌కు నెలనెలా చందా లేదు. పెన్షన్‌తో బతికేవాళ్లకు ఆ మాట ఎంత చల్లనిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక నా కథ. అప్పట్లో మేము కాశీబుగ్గలో ఉండేవాళ్లం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. ఉద్దానం కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో ఇక్కడున్న చాలామంది కళ్లారా చూశారు. మా పెరటి చెట్టు పిట్టగోడ మీద పడి డిష్‌ను పక్కకు తిప్పేసింది. చాలా రోజులకు కరెంటు వచ్చింది గానీ టీవీలో బొమ్మ రాలేదు. మా ఆవిడ అప్పటికి తుంటి ఎముక విరిగి మంచం మీద ఉంది. ఆమెకు పొద్దు గడిచేది ఆ టీవీతోనే. ఆమె డిష్‌ను మూకుడు అనేది. "ఏటండీ, మన మూకుడు ఇంక బాగవదా?" అని రోజూ అడిగేది. మెకానిక్కులకు ఊరంతా పనే. మా వంతు ఎప్పటికొస్తుందో తెలియదు.

పై మేడ ఎక్కలేక, డిష్‌ను కింది వసారా డాబా మీదికి దించుకుందామనుకున్నాను. అక్కడ మూడు తప్పులు చేశాను. మీరు చేయకూడదని చెబుతున్నాను.

మొదటిది, గుర్తులు పెట్టకుండా బోల్టులు విప్పేశాను. పేజీ నంబర్లు వేయకుండా ఫైలు విప్పినట్టయింది. డిష్ తిరిగిపోయినా, ఎత్తు తెలిపే అంకెలు బ్రాకెట్ మీద అలాగే ఉన్నాయి. అవి రాసుకున్నా సగం పని తప్పేది.

రెండవది, డిష్ మొహాన్ని టార్చిలైటులా ఆకాశానికి ఎత్తాను. ఉపగ్రహం మనకు 66 డిగ్రీల ఎత్తున ఉందని ఎవరో చెబితే, మొహమే అంత ఎత్తాను. రోజున్నర వృథా. చివరికి వీధిలోని ఎలక్ట్రీషియన్ కుర్రాడు నవ్వి, "బాబాయ్ గారూ, దాని మొహం ఒకవైపు, చూపు ఒకవైపు అండి" అన్నాడు. మన ఇళ్లలోని డిష్‌ల చూపు వాటి మొహం కన్నా పాతిక డిగ్రీల దాకా పైకి ఉంటుంది. అందుకే అవి చూసే ఎత్తు కన్నా కిందికి వంగినట్టు కనబడతాయి. బ్రాకెట్ మీది అంకెలు ఈ తేడా కలుపుకునే వేసి ఉంటాయి.

మూడవది, సెట్‌టాప్ బాక్సు మెనూలో రెండు గీతలు కనబడతాయి. ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. నేను మొదటిదాన్ని చూసి మురిసిపోయాను. వైరు బాగుంటే చాలు, డిష్ ఎటు చూస్తున్నా అది కొంత చూపిస్తుంది. మనం నమ్మవలసింది క్వాలిటీ గీతను.

ఇప్పుడు అసలు పద్ధతి. ఉచిత డిష్ ప్రసారాలు వచ్చే జీశాట్-15 ఉపగ్రహాన్ని 2015 నవంబరులో ప్రయోగించారు. అది భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మన రెండు జిల్లాల నుంచి చూస్తే దక్షిణం నుంచి తూర్పుకు సుమారు 28 డిగ్రీలు. విజయనగరంలో ఒకటి రెండు ఎక్కువ, పలాస వైపు ఒకటి రెండు తక్కువ. వేరే కంపెనీ డిష్ అయితే ఉపగ్రహం వేరు, దిక్కు వేరు. 83 డిగ్రీల మీద ఉన్నది మనకు దాదాపు సూటిగా దక్షిణమే.

ముందుగా పైపు నిటారుగా ఉందో లేదో రసమట్టంతో చూసుకోండి. అది వాలితే తర్వాతి లెక్కలన్నీ వాలతాయి. ఎత్తు అంకె 66 దగ్గర పెట్టండి. ఫోనులోని దిక్సూచితో దిక్కు చూడండి గానీ, ఇనుప పైపుకు నాలుగడుగులు ఎడంగా నిలబడండి, ఇనుము దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. డిష్ ముందుండే ఎల్ఎన్‌బీని, వెనక నిలబడి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశలో, గడియారంలో ఒక గంట అంకెకు కాస్త తక్కువగా తిప్పండి. ఎదురుగా చెట్టో గోడో ఉందని బెంగపడకండి. పది అడుగుల దూరంలో ఉన్నది డిష్ కన్నా ఇరవై రెండడుగుల పైన ఎత్తుంటేనే అడ్డు వస్తుంది.

ఆ తర్వాత బోల్టులు సగం బిగించి, డిష్‌ను పక్కకు వెంట్రుకవాసిగా జరుపుతూ ఒక్కొక్క జరుపుకీ నాలుగైదు సెకన్లు ఆగండి. తొందర పనికిరాదు. రెండడుగుల డిష్ అంచు అర సెంటీమీటరు కదిలితే చూపు ఒక డిగ్రీ మారుతుంది. ఒక డిగ్రీ అంటే అంత దూరాన ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు. క్వాలిటీ పెరిగి మళ్లీ తగ్గితే, ఎక్కువ ఉన్నచోటికి వెనక్కి వచ్చి బిగించండి. బిగించేటప్పుడు కూడా గీత చూస్తూనే ఉండాలి.

వైరు కలిపే ముందు బాక్సు స్విచ్ ఆపండి. లోపలి రాగి తీగకు పైనున్న వలతీగ పోగు ఒక్కటి తగిలినా బొమ్మ రాదు. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పడతాయి, కాస్త గ్రీజు రాయండి. మార్చి నెలలోనూ, అక్టోబరు మొదట్లోనూ కొద్ది రోజులు పదకొండు గంటల ప్రాంతంలో నిమిషాల సేపు బొమ్మ చెదరవచ్చు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి రావడమే కారణం. అప్పుడు డిష్ ముట్టుకోకండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఒంటరిగా మేడెక్కకండి. నాతో పనిచేసిన ఒక మిత్రుడు గాలికి డిష్ తిరిగిందని వాన తడి మీద ఎక్కి, జారి, ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. మన వయసులో విరిగిన ఎముక త్వరగా అతకదు. వాన, గాలి, ఉరుము ఉన్నప్పుడు వద్దు. నిచ్చెన పట్టుకోవడానికి ఒకరు, టీవీ దగ్గర ఒకరు ఉండాలి. బోల్టు బిగించేది కుర్రాళ్లయినా సరే, ఎటు జరపాలో మనం చెబితే చాలు.

ఆనాడు మా మనవరాలు టీవీ దగ్గర నిలబడి "వచ్చింది తాతా... పోయింది... వచ్చింది!" అని అరిచింది. నేను దిగి వచ్చేసరికి మా ఆవిడ వార్తలు చూస్తోంది. నా వైపు తిరిగి, "మూకుడు దిద్దీసినారా?" అంది. సర్వీసులో నాకు ఒకటి రెండు మెచ్చుకోలు కాగితాలు వచ్చాయి గానీ, ఈ మాట ముందు అవి ఏపాటివి?

2021లో ఆమె పోయింది. నిరుడు విజయనగరంలో మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. వాడు "అది ఎందుకు నాన్నా, ఫోనులోనే అన్నీ వస్తాయి కదా" అన్నాడు. అయినా మూకుడు తెచ్చుకున్నాను. ఈసారి అంకెలు ముందే రాసుకున్నాను, వాణ్ణే మేడెక్కించి నేను టీవీ దగ్గర కూర్చున్నాను. గంటన్నరలో బొమ్మ వచ్చింది.

ఏటేటా బతికి ఉన్నామని కాగితం ఇచ్చుకునేవాళ్లం మనం. అప్పుడప్పుడు చేతులతో ఏదైనా ఒక పని చేసి, ఆ మాట ఇంట్లో వాళ్లకు కూడా రుజువు చేద్దాం.