ఆటోమేటిక్ గేరుబాక్సు: రోగనిదానము

నిదానమను మాటకు వైద్యశాస్త్రమున రోగకారణమును నిర్ణయించుట యని అర్థము. వాడుకలో తొందరపడకుండుట యని అర్థము. ఆటోమేటిక్ గేరుబాక్సుకు జబ్బుచేసినపుడు ఈ రెండు నిదానములును కావలెను. కారు రెండుమార్లు కుదిపినంతనే “బాక్సు పోయినది, విప్పవలసినదే” యను తీర్పు షెడ్డులో వినబడుట సామాన్యము. విప్పుటకగు ఖర్చు యజమాని నడుము విరుచును. దోషము మాత్రము ఒక్కొక్కప్పుడు డబ్బా నూనెలోనో, వదులైన తీగలోనో దాగియుండును.

మొదట బాక్సు ఏ జాతిదో తెలిసికొనవలెను. 2014లో మారుతి సెలేరియోతో మన దేశమున అడుగుపెట్టిన ఏ.ఎమ్.టి. నిజమునకు మామూలు గేరుబాక్సే. క్లచ్చి పనియు, గేరు మార్చు పనియు డ్రైవరుకు బదులు యంత్రము చేయును. గేరు మారునపుడు తల కొంచెము ముందుకు తూగుట దాని స్వభావమే గాని వ్యాధి కాదు. సి.వి.టి., డి.సి.టి. అనునవి వేరు జాతులు. నేడు నేను ప్రస్తావించునది 1939లో జనరల్ మోటార్స్ వారు హైడ్రామాటిక్ అను పేర ఓల్డ్స్‌మొబైల్ కారులకు అమర్చిన నాటినుండి పెరిగివచ్చిన జాతి. దీనికి నూనెయే ప్రాణము. నేటి బాక్సులలో ఇంజను శక్తిని టార్కు కన్వర్టరు ద్వారా అందించునది నూనె; ఒత్తిడితో లోపలి క్లచ్చి ప్లేట్లను బిగించి గేరు పట్టించునది నూనె; వేడిని మోసికొనిపోవునదియు అదియే.

కావున పరీక్ష నూనెతోనే ప్రారంభింపవలెను. డిప్‌స్టిక్కు ఉన్న కారును చదునైన నేలమీద నిలిపి, బాక్సు వేడెక్కిన పిమ్మట, సాధారణముగా ఇంజను నడచుచుండగనే మట్టము చూడవలెను. చాల కారులకు లీవరు పార్కులో నుండవలెను, కొన్నిటికి న్యూట్రలులో. ఇంజను నూనెను చూచినట్లు ఇంజను ఆపి చూచినచో చాల కారులలో లెక్క తప్పును. నేటి కారులు పెక్కింటికి డిప్‌స్టిక్కే లేదు. నిర్ణీతమైన వేడివద్ద క్రింది బిరడా విప్పి చూడవలసియుండును. అది షెడ్డువారి పని. నూనె తగ్గినచో పంపు గాలిని పీల్చును, ఒత్తిడి పడిపోవును, ప్లేట్లు జారి కాలును. మితిమీరి పోసినను తిరుగు భాగములు చిలికి నురుగెత్తించును, ఫలితమొక్కటే.

సాధారణముగా నూనె ఎరుపు. నలుపు తిరిగి మాడు వాసన కొట్టినచో ప్లేట్లు కాలినవని అనుమానింపవచ్చును. రోజ్‌మిల్కు వలె కనబడినచో రేడియేటరులోని నీరు కలిసినదన్నమాట. ఆ కారును ఇక నడుపరాదు, ఏలయన నీరు ప్లేట్ల పూతను ఊడదీయును. అడుగు పళ్ళెములోని అయస్కాంతమునకు అంటిన సన్నని బూడిదపొడి సహజమే. చేతికి గ్రుచ్చుకొను లోహపు రజను కనబడినపుడు మాత్రము బాక్సు విప్పుట తప్పదు.

నూనె బాగున్నచో జబ్బు ఎచ్చటనో వెదకవలెను. ఇచట మెకానిక్కు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: అన్ని గేర్లలోను జారుచున్నదా, ఒక్క గేరులోనేనా? అన్నిటను జారినచో అన్నిటికిని ఉమ్మడియైన పంపును, ఒత్తిడిని, కన్వర్టరును శంకింపవలెను. ముందుకు చక్కగా పోయి వెనుకకు మాత్రము పోనిచో వెనుక గేరుకు సంబంధించిన క్లచ్చినో, దానికి నూనె నందించు మార్గమునో చూడవలెను. ఈ ఒక్క ప్రశ్న అడుగని షెడ్డులో కారును వదలిపెట్టకుండుటయే మేలని నా అభిప్రాయము.

నిరపరాధియైన బాక్సు నిందమోయుటయు కలదు. లీవరు డి లోనికి దింపగనే ధనమని చప్పుడైనచో ఇంజను క్రింది రబ్బరు మౌంటు విరిగియుండవచ్చును. నిలుకడ వేగమున పోవునపుడు కారు గరుకు రోడ్డుపై పోయినట్లు వణకినచో అది ఇంజను దోషమా, కన్వర్టరులోని లాకప్ క్లచ్చి దోషమా? వెనుక ఎవరును లేని ఖాళీ రోడ్డుపై, యాక్సిలరేటరును కదలింపక, బ్రేకును దీపము వెలుగునంత మాత్రము తాకవలెను. అనేక కారులలో అంతమాత్రముననే లాకప్ విడివడును. వణకు తక్షణమే ఆగినచో ఇంజనుపై అనుమానము చాలవరకు తొలగును; సరియైన రకపు నూనె మార్చుటతోనే కుదిరిన కారులును కలవు.

కారు ఒకే గేరులో చిక్కి భారముగా నడచినచో అది తన్ను తాను కాపాడుకొను ఏర్పాటు. అప్పుడు స్కానరు తగిలించి సంకేతములు చదివింపవలెను. పి0700 అను సంకేతము బాక్సు కంప్యూటరులో ఏదో దోషము నమోదైనదని మాత్రమే చెప్పును. అది జబ్బు పేరు కాదు. దాని వెంట నున్న రెండవ సంకేతమును అడుగుడు. బ్యాటరీ నీరసించినను ఈ కంప్యూటరు తికమక పడును.

దారిలో కారు నిలిచిపోయినచో త్రాడు కట్టి లాగింపవలదు. ఇంజను ఆగినచో సాధారణముగా నూనె పంపును ఆగును. చక్రములతో తిరుగు లోపలి భాగములు కందెన లేక అరుగును. నడుపు చక్రములు నేలకు తగులకుండ ఎత్తియో, కారు నంతటిని లారీపై నెక్కించియో షెడ్డుకు చేర్పింపుడు.