సైన్యము విడిచిన డీజెలు జనరేటరు

(మన సంఘ సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



కోయంబత్తూరు తెలుగువారి యెదుట యంత్రములను గురించి మాటలాడుట కొంత సాహసమే. మన దేశమున తయారైన తొలి విద్యున్మోటారుగా పేరొందినదానిని 1937లో వెలువరించిన జి. డి. నాయుడు గారును, డి. బాలసుందరం నాయుడు గారును ఈ ప్రాంతమువారే. కనుక ఉపోద్ఘాతము మాని, సంఘ భవనమునకై మనము వేలములో కొన్న జనరేటరు సంగతికే వచ్చెదము.

సైన్యము తనకు అక్కరలేని సామగ్రిని ఉన్నది ఉన్నట్లుగా అమ్మును. పూచీ యుండదు. మనకు వచ్చినది నాలుగు సిలిండర్ల ఇంజను, దానికి కూర్చిన త్రీఫేజు ఆల్టర్నేటరు. మొదట ఇంజనే కదలలేదు. కదలిన పిమ్మట దీపము వెలుగలేదు. చూడవచ్చిన మెకానిక్కు వైండింగు కాలినదనియు, తిరిగి చుట్టింపవలెననియు తేల్చెను. అందులకు పిల్లల సాయంకాలపు తెలుగు తరగతికై కూడబెట్టిన సొమ్ము తప్ప మనకు వేరు ఆధారము లేదు. పాత ఇనుముక్రింద అమ్మివేయుదమని సగముమంది అనిరి. పరీక్షింపక ఒక్క రూపాయియైనను వెచ్చింపరాదని మేము పట్టుబట్టితిమి.

ఇట్టి యంత్రములు పనిచేసి అరిగిపోవుటకంటె, ఊరక నిలిచి చెడుట ఎక్కువ. ట్యాంకు అడుగున నీరును, జిగురును చేరును. రబ్బరు గొట్టములు పగులును. గాలి ఫిల్టరులో ఎలుకలు కాపురము పెట్టును. మన యంత్రమున రెండు గూళ్లు దొరకినవి. కావున సెల్ఫు నొక్కుటకు ముందే పాత డీజెలు దించివేయవలెను. నూనె కొలబద్దను తీసి చూడవలెను. నూనె పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదని అర్థము. పిదప ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పవలెను. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక ఆవృత్తి ముగియుటకు రెండు చుట్లు కావలెను గదా. ఎక్కడనైనను పట్టివేసినచో బలవంతము చేయరాదు.

సైనిక యంత్రముల సెల్ఫునకు సాధారణముగా 24 వోల్టులు కావలెను. అనగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపినవి. నిండుగా చార్జియైన జత విశ్రాంతిలో ఇంచుమించు 25 వోల్టులు చూపును. సెల్ఫు తిరుగునపుడు అది 19కి దిగువకు జారినచో బ్యాటరీని అనుమానింపవలెను. బ్యాటరీ బాగుండియు సెల్ఫు మందముగా తిరిగినచో, మీటరు ఒక కొసను బ్యాటరీ ధ్రువముపైనను, రెండవదానిని సెల్ఫు బోల్టుపైనను ఉంచి, సెల్ఫును త్రిప్పుచు చూడుడు. అర వోల్టుకు మించి చూపినచో తప్పు తీగెలోనో, చిలుము పట్టిన బిగింపులోనో ఉన్నది. మన యంత్రమునకు ఉప్పుకాగితముతోనే ఆ జబ్బు కుదిరినది.

తిరిగియు అంటుకొననపుడు పొగగొట్టమును చూడవలెను. తెల్లని పొగ వచ్చినచో డీజెలు చేరుచున్నది గాని మండుట లేదు. పొగయే లేనిచో డీజెలే చేరుటలేదు. డీజెలును విడుచు సొలినాయిడు ‘టక్’ మనుచున్నదా? అనుచున్నచో గొట్టములలో గాలి పట్టినదన్నమాట. ఫిల్టరు మీది మరను వదులుచేసి, బుడగలు పోవువరకు చేతిపంపును ఆడింపవలెను. ఆపైన ఇంజెక్షన్ పంపు వద్దను అట్లే చేయవలెను. నాజిళ్ల వద్ద మాత్రము చేయి అడ్డుపెట్టకుడు. అచట చిమ్ము డీజెలు చర్మమును చీల్చి లోనికి దూరును. గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇక దీపము సంగతి. కాలిన వైండింగునకు వాసన యుండును, వార్నిషు నల్లబడును. మనదానికి ఆ రెండును లేవు. రెగ్యులేటరును విడదీసి మెగ్గరుతో చూడగా ఇన్సులేషను గట్టిగా నున్నది. మూడు ఫేజుల నిరోధములును సమానమే. తిరుగు డయోడ్లు ఒక దిశనే విద్యుత్తును పోనిచ్చుచున్నవి. మరి వోల్టేజి ఏల రాలేదు? ఆల్టర్నేటరు ఇనుములో వెనుకటి పరుగునుండి కొంచెము అయస్కాంతత్వము మిగిలియుండవలెను. దానివలన పుట్టిన కొద్దిపాటి వోల్టులనే రెగ్యులేటరు తీసికొని ఎక్సైటరునకు పంపి పెంచును. పాలు ఎన్ని యున్నను తోడు లేనిది పెరుగు కాదు గదా! ఏండ్ల తరబడి నిలిచినందున మన యంత్రమున ఆ తోడు చచ్చినది. ఇంజను ఆపి, ఎక్సైటరు ఫీల్డు తీగెలను రెగ్యులేటరునుండి విడదీసి, ధన ఋణములు తప్పకుండ, 12 వోల్టుల బ్యాటరీని ఒక బల్బుగుండ కొన్ని క్షణములు తగిలించితిమి. తీగెలు మరల కలిపి ఇంజను నడుపగా మీటరు ముల్లు లేచి ఫేజుకు 230 వద్ద నిలిచెను. తరగతి సొమ్ము తరగతికే మిగిలినది.

నాలుగు ధ్రువముల ఆల్టర్నేటరు మన 50 సైకిళ్లకు నిమిషమునకు 1500 చుట్లు తిరుగవలెను. అమెరికా యంత్రములు 60 సైకిళ్లవి, 1800 చుట్లవి. కొనువారు ఇది ముందే చూచుకొనవలెను. అమెరికా సైనిక జనరేటర్లలో ఒక విచిత్రమైన స్విచ్చి కలదు, పేరు ‘బ్యాటిల్ షార్ట్’. దానిని వేసినచో నూనె ఒత్తిడి పడిపోయినను, వేడి మించినను ఇంజను ఆగదు. యుద్ధములో యంత్రముకంటె దీపము ముఖ్యము కావచ్చును. సభాభవనమున అట్టి అవసరము రాదు. రక్షణ స్విచ్చిలను తప్పించి తీగెలు ముడివేయు వారిని దగ్గరకు రానీయకుడు.

మరి రెండు విషయములు ప్రాణములకు సంబంధించినవి. జనరేటరును సాకెట్టు ద్వారా ఇంటి తీగెలకు కలిపినచో విద్యుత్తు వీధిలోనికి ఎదురుపోయి, స్తంభమెక్కిన లైనుమనిషిని చంపును. చేంజోవరు స్విచ్చి లేక కలుపరాదు. మూసిన గదిలో నడుపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు, వాసన లేవు.

తక్కువ లోడుపై చాలసేపు నడిపినచో సగము కాలిన డీజెలు నల్లని జిగురై పొగగొట్టమునుండి కారును. అందుచే వచ్చు ఆదివారము ఉదయము ఫ్యాన్లు, దీపములు, బోరు మోటారు అన్నియు వేసి రెండు గంటలు నడిపి చూతుము. నేర్చుకొనగోరు యువకులు పాత గుడ్డలు తెచ్చుకొనవలెను. నూనె మరకలకు సంఘము బాధ్యత వహింపదు.