పక్కింటి వైఫై: చట్టం ఏమంటుంది, మనం ఏమనాలి

(మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఒక చిన్న ప్రశ్న మీద మాట్లాడమన్నారు. ఇంకొకరి వైఫైని వాళ్లను అడగకుండా వాడుకుంటే నేరమా? ప్రశ్న చిన్నదే గాని, బస్తీల్లో పనిచేసే మీ ముందుకు అది ఏ రూపంలో వస్తుందో మీకు తెలుసు. అద్దె గదిలో ఉంటూ ఇంటరు చదివే పిల్ల, ఓనరు కొడుకు చెప్పిన పాస్‌వర్డ్‌తో మెట్ల మీద కూర్చుని పాఠాలు వింటుంది. అద్దె దగ్గర గొడవ వచ్చిన రోజున ఓనరుకు ఆ సంగతి గుర్తుకొస్తుంది. "మీ పిల్ల మా నెట్ దొంగిలించింది, స్టేషన్‌కు పోతాను" అంటాడు. తల్లి వణుకుతూ మీ దగ్గరికి వస్తుంది. ఆమెతో "ఏమీ కాదులే అమ్మా" అనడం సరికాదు. జైలు పేరు చెప్పి భయపెట్టడం అంతకన్నా సరికాదు.

ముందు 'దొంగతనం' అనే మాట సంగతి చూద్దాం. పాత శిక్షాస్మృతిలో దొంగతనమంటే చేత్తో పట్టుకుని తీసుకుపోగలిగిన వస్తువును తీసుకుపోవడం. కరెంటు అలాంటి వస్తువు కాదు కాబట్టి, తీగకు కొక్కెం వేసి వాడుకున్నవాళ్లను శిక్షించడానికి విద్యుత్ చట్టంలో విడిగా రాసుకోవాల్సి వచ్చింది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1960లలోనే వివరించింది. ఇంటర్నెట్ విషయంలోనూ మొదట ఇదే తికమక. 2000 మే నెలలో ఢిల్లీలో ఒక సైన్యాధికారి ఇంటికి కనెక్షన్ పెట్టడానికి వచ్చిన ఇంజనీరు, ఆయన లాగిన్, పాస్‌వర్డ్ వాడి దాదాపు 100 గంటల నెట్ వాడించాడని ఫిర్యాదు వచ్చింది. అప్పట్లో నెట్‌ను గంటల లెక్కన కొనుక్కునేవారు. పోలీసులు దొంగతనం సెక్షను, టెలిగ్రాఫ్ చట్టం కలిపి కేసు కట్టారు. ఎందుకంటే సమాచార సాంకేతిక చట్టం అమల్లోకి వచ్చింది ఆ ఏడాది అక్టోబరు 17న.

ఇప్పుడు మనకు కావలసింది ఆ చట్టమే. అందులో 43వ సెక్షను, యజమాని అనుమతి గాని, దాని బాధ్యత చూసే మనిషి అనుమతి గాని లేకుండా కంప్యూటర్ నెట్‌వర్క్‌లోకి ప్రవేశించడం తప్పు అంటుంది. 2009 అక్టోబరులో అమల్లోకి వచ్చిన సవరణ, నెట్‌వర్క్ నిర్వచనంలో తీగలు లేని అనుసంధానాన్ని కూడా పేరుపెట్టి చేర్చింది. కాబట్టి వైఫై దీని పరిధిలోకి వస్తుందా అన్న అనుమానం అక్కర్లేదు. చట్టం అడుగుతున్నది అనుమతి ఉందా అని. తాళం ఉందా అని కాదు. పాస్‌వర్డ్ పెట్టుకోకపోవడం మనకు పిలుపు కాదు. తలుపు తీసి ఉందని ఎవరింట్లోకైనా పోలేం గదా! రైల్వే స్టేషన్లో, గ్రంథాలయంలో అందరి కోసం పెట్టిన వైఫై సంగతి వేరు, అక్కడ అనుమతి ముందే ఇచ్చి ఉంటారు.

అయితే 43వ సెక్షను కింద జైలు లేదు. ఉన్నది నష్టపరిహారం. దాన్ని తేల్చేది పోలీసులు కాదు, రాష్ట్ర ఐ.టి. శాఖ కార్యదర్శి హోదాలో ఉన్న న్యాయనిర్ణయాధికారి. ఆ దారిలో వెళ్లిన ఓనరు తనకు ఏం నష్టం జరిగిందో చూపించాలి. నెలకు ఇంత అని కట్టి, ఎంతైనా వాడుకునే ప్లాను ఉన్నవాడు ఏం చూపిస్తాడు?

జైలు మాట వచ్చేది 66వ సెక్షనులో. అదే పనిని నిజాయితీ లేకుండా గాని, మోసపూరితంగా గాని చేస్తే మూడేళ్ల వరకూ జైలు, 5 లక్షల వరకూ జుర్మానా, లేదా రెండూ. ఇక్కడ మొత్తం బరువు ఉద్దేశం మీద ఉంది. తనకు అన్యాయంగా లాభమో, ఎదుటివాళ్లకు అన్యాయంగా నష్టమో కలిగించాలనే ఉద్దేశం రుజువు కావాలి. ఇంట్లో మనిషే పాస్‌వర్డ్ చెబితే వాడుకున్న పిల్లకు ఆ ఉద్దేశం అంటగట్టడం కష్టం. ఆ కొడుకు 'బాధ్యత చూసే మనిషి' అవుతాడా కాడా అని వాదించుకోవచ్చు గాని, పిల్ల దొంగచాటుగా చొరబడలేదన్నది మాత్రం స్పష్టం. అదే పాస్‌వర్డ్‌ను ఏదో సాఫ్ట్‌వేర్‌తో విరగ్గొట్టి ఉంటే మనం ఇలా మాట్లాడలేం.

స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. 66వ సెక్షను నేరం బెయిలు ఇవ్వదగినది. దాన్ని దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టరు లేదా ఆ పై అధికారి. కానిస్టేబులు వచ్చి ఆడపిల్ల ఫోను లాక్కుపోతానంటే ఏ సెక్షను కింద, ఎవరి ఆదేశం మీద అని అడగండి. ఆ ఫోనులో ఆ పిల్ల చదువుంది, స్నేహాలున్నాయి, ఫోటోలున్నాయి.

ఓనరు భయాన్ని మనం ఎగతాళి చేయకూడదు కూడా. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లు జరగడానికి కాసేపటి ముందు వచ్చిన ఈమెయిలు, నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. దానికి రక్షణ లేదు. పోలీసులు ఆయన ఇల్లు సోదా చేసి కంప్యూటర్లు పట్టుకుపోయారు. తర్వాత ఆయనకు ఏ సంబంధమూ లేదని బయటపడింది. మన పిల్లలు ఎవరి వైఫై వాడినా బయటి లెక్కల్లో కనిపించేది ఆ ఇంటి కనెక్షనే. కాబట్టి అడిగి తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు.

అయితే ఈ 'అనుమతి' అనే మాట దగ్గర ఆగి ఆలోచించాలి. చట్టం దృష్టిలో ఇద్దరు సమానులున్నారు, ఒకరికి నెట్‌వర్క్ ఉంది, ఇంకొకరు అడగాలి. మన సమాజంలో ఆడదాని నెట్ ఎప్పుడూ ఎవరో ఒకరి అనుమతి మీదే నడుస్తోంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు దేశంలో నూటికి 33 మంది, పురుషులు 57 మంది. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21, పురుషులు 49. తెలంగాణలో దాదాపు 27, 57. హైదరాబాదు మన రాజధాని అని గర్వపడే తెలంగాణలోనూ మగవాళ్లలో సగం మంది కూడా కారు. ఫోను అన్నది, రీచార్జి నాన్నది, వైఫై బిల్లు భర్త పేరు మీద.

2019లో కేరళ హైకోర్టు ఫహీమా షిరీన్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆడపిల్లల హాస్టల్లో ఫోను వాడకం మీద ఆంక్షలు పెడితే ఆ విద్యార్థిని ఒప్పుకోలేదు, హాస్టలు నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఈ తీర్పు చూపించి పక్కింటి రూటరు మీద హక్కు అడగలేం. కాని కాలేజీలనూ హాస్టళ్లనూ, ప్రభుత్వాన్నీ నిలదీయవచ్చు.

ఇంటి లోపలి సంగతి ఇంకోటి. గొడవ పడిన ప్రతిసారీ భర్త పాస్‌వర్డ్ మార్చేస్తాడని చెప్పే స్త్రీలు నాకు చాలామంది తారసపడ్డారు. ఇంటి నుంచే ఉద్యోగం చేసేవాళ్లకు అది జీతం ఆగిపోవడమే. 2005 గృహహింస చట్టం, గృహసంబంధం వల్ల స్త్రీకి వాడుకునే హక్కున్న వనరులనూ సౌకర్యాలనూ అడ్డుకోవడాన్ని ఆర్థిక హింసగా చెప్పింది. వైఫై ఆ సౌకర్యాల్లో ఒకటని మనం పిటిషన్లలో రాయడం మొదలుపెట్టాలని నా అభిప్రాయం. బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాడే యజమాని అనే వాదన, ఇల్లు ఎవరి పేరు మీద ఉంటే వాడే యజమాని అనే వాదనకు తమ్ముడే.

అదే సమయంలో ఒక హెచ్చరిక. సహాయం కోసం వెతికే స్త్రీ భర్త వైఫై మీద గాని, తెలియని వైఫై మీద గాని ఆ పని చేయకపోతే మేలు. ఏ ఫోను ఎప్పుడు కలిసిందో రూటరు చూపిస్తుంది. కొన్నింట్లో ఏయే సైట్లు చూశారో కూడా తెలుస్తుంది. ఆ కాసేపటికి తన సొంత డేటా వాడమనండి. ఫోనులో మిగిలే జాడల సంగతి ఎలాగూ విడిగా చెప్పాలి.

మరి డబ్బుల్లేని పిల్ల ఏం చేయాలి? ఓనరుతో మాట్లాడి నెలకు ఇంత అని కలిపి ఇచ్చేలా, రూటరులో అతిథుల కోసం వేరే పాస్‌వర్డ్ పెట్టేలా ఒప్పించవచ్చు. మాట ఇచ్చినట్టు ఒక మెసేజి ఉంటే చాలు, రేపు గొడవ వచ్చినా అది ఆధారం. అంతకన్నా పెద్ద దారి, 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. వాణి పథకం. కిరాణా కొట్టువాళ్లయినా లైసెన్సు లేకుండా, రుసుము కట్టకుండా చుట్టుపక్కలవాళ్లకు వైఫై అమ్మవచ్చు. డ్వాక్రా సంఘాలు ఈ పని ఎందుకు చేయకూడదు? పొదుపు డబ్బుతో ఒక కనెక్షను, సంఘం గదిలో ఒక రూటరు, సాయంత్రం చదువుకునే పిల్లలకు తక్కువ ధర. మీ మండలాల్లో ఎవరైనా ప్రయత్నించి ఉంటే చెప్పండి. లెక్కలు ఎలా వచ్చాయో, మగవాళ్లు ఆ గదిని ఎన్నాళ్లకు ఆక్రమించుకున్నారో కూడా చెప్పండి. మిగతా సమయం మీ ప్రశ్నలకు.