పాఠం నాకు అప్పజెప్పు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పరీక్షల రోజులు దగ్గరపడ్డాయంటే పిల్లలకన్నా ముందు తల్లులకే జ్వరం వస్తుంది. ఇంట్లో టీవీ మూగబోతుంది. చుట్టాలు వస్తామంటే ఏదో వంక చెప్పి తప్పించుకుంటాం. తెల్లవారుజామున లేపి వేడివేడి పాలు చేతికిస్తాం. ఇంతా చేసి పిల్లలతో మనం అనే మాట ఒక్కటే: "చదువు". ఎలా చదవాలో మాత్రం చెప్పం. చెప్పడానికి మనకు తెలిస్తే గదా!

నా సంగతే చెబుతాను. నేను చదివింది పదో తరగతి. మా అమ్మాయి ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం చదివిన యేడే మా అబ్బాయి పదో తరగతికొచ్చాడు. ఒకే యింట్లో రెండు పరీక్షలు. అమ్మాయికి ఫిజిక్సు పుస్తకం చివర ఎలక్ట్రానిక్సు వుంది. అబ్బాయికి సాంఘికశాస్త్రంలో ఆధునిక చరిత్ర. మొదటి పుస్తకం తిరగేస్తే నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండోదాంట్లో ఏ సంవత్సరం తర్వాత ఏ సంవత్సరమో గుర్తుండలేదు. సరే, చదువుకొనేది వాళ్ళు, వండిపెట్టేది నేను అనుకొని ఊరుకున్నాను.

అమ్మాయి చదవదని కాదు. రాత్రి పదకొండు దాకా కూర్చునేది. పుస్తకంలో పసుపురంగు పెన్నుతో గీతలు గీసేది. చివరికి ఆ పేజీల్లో గీత పడని వరస లేదు. అంత చదివినా, పరీక్షల ముందు కాలేజీలో పెట్టిన ప్రీ ఫైనల్లో పాసు మార్కులకు రెండు తక్కువొచ్చాయి. ఇంట్లో పెద్దవాళ్ళు, "ఆడపిల్లకు ఈ ఎలక్ట్రానిక్సు ఎందుకొచ్చిన గొడవ? మానిపించి సంబంధం చూడండి" అన్నారు. నేనైనా దాని పక్షాన నిలబడ్డానా అంటే అదీ లేదు. "పక్కింటి పిల్లను చూసి నేర్చుకో" అనేశాను. ఆ రాత్రి అది అన్నం తినలేదు. పక్కన కూర్చుంటే నెమ్మదిగా అంది: "అమ్మా, చదువుతున్నప్పుడు అంతా వచ్చినట్టే వుంటుంది. పేపరు చూడగానే ఏమీ రాదు. నాకు బుర్ర లేదేమో."

ఆ మాట నా మనసులో ముల్లులా గుచ్చుకుంది. అయితే తర్వాత ఆలోచిస్తే, జబ్బు పేరు కూడా ఆ మాటలోనే వుందనిపించింది. చదువుతున్నప్పుడు వచ్చినట్టే వుంటుంది. రోజూ చూసే బంధువుల యింటికి దారి తెలుసనుకుంటాం. ఒంటరిగా వెళ్ళవలసి వస్తే రెండో మలుపు దగ్గరే ఆగిపోతాం. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. పరీక్షలో కావలసింది రెండోది.

మర్నాడు ఫోను చార్జింగుకు పెడుతూ అమ్మాయిని పిలిచాను. "నీ పాఠంలోని సంగతి ఈ చార్జరులో వుంటుందన్నావు గదా. పుస్తకం మూసి నాకు అప్పజెప్పు" అన్నాను. రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. మళ్ళీ పుస్తకం తెరిచి, ఆగిన చోటు మటుకు చూసుకొని, మూసి మళ్ళీ చెప్పింది. అరగంటలో నాలుగుసార్లు ఆగింది. ఆ నాలుగు చోట్లే దానికి రానివి. అన్ని పేజీల్లో గీతలు గీసినా, తనకు రానివి ఏవో అంతవరకు దానికి తెలియలేదు.

పాఠం అప్పజెప్పడం మన పెద్దలకు తెలిసిన పనే. వీధిబడిలో రోజూ పంతులుగారికి పాఠం అప్పజెప్పందే పిల్లవాణ్ణి ఇంటికి పంపేవారు కారు. అయితే ఆ రోజుల్లో చాలావరకు చిలకపలుకులే. నేను చెప్పేది సొంత మాటల్లో అప్పజెప్పడం. దీన్ని శాస్త్రజ్ఞులు కూడా పరీక్షించి చూశారు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే యిద్దరు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలూ చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలు చూడకుండా, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత అడిగితే వాళ్ళకు సుమారు 40 శాతమే గుర్తుంది; చూడకుండా రాసినవాళ్ళకు సుమారు 60 శాతం గుర్తుంది. పరీక్ష అయిదు నిమిషాల తర్వాత రాదు గదా!

ఇప్పుడు ఎలక్ట్రానిక్సు సంగతి. పిల్ల చెబుతూంటే వినీ వినీ నాకు తెలిసిందేమంటే, గోడ ప్లగ్గులో వచ్చే మన కరెంటు 230 వోల్టులది. సెకనుకు 50 ఆవర్తాలు, అంటే సెకనులో నూరుసార్లు దిక్కు మార్చుకుంటుంది. బ్యాటరీకి మాత్రం ఒకే దిక్కున పోయే కరెంటు కావాలి. మధ్యలో ఈ పని చేసిపెట్టేది డయోడు. సైకిలు ట్యూబుకు వాల్వు వుంటుంది చూడండి. గాలిని లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. డయోడు కూడా కరెంటుకు అలాంటి వాల్వే. ఇలా ఒకే దిక్కుకు మళ్ళించే అమరికను రెక్టిఫయరు అంటారు. తెలుగు పుస్తకంలో దాని పేరు ఏకధిక్కరణి. పేరు చూసి భయపడ్డాను గాని, పని చూస్తే అంతే.

డయోడు తయారయ్యేది సిలికాను వంటి అర్ధవాహకంతో. శుద్ధమైన సిలికాను అంతంతమాత్రంగానే కరెంటును పోనిస్తుంది. అందులో పది లక్షల పరమాణువులకు ఒకటి రెండు చొప్పున ఫాస్ఫరసు కలిపితే ఎన్ రకం, బోరాను కలిపితే పి రకం అవుతుంది. "ఓహో, పాలకు తోడు వేసినట్టన్నమాట. చెంచాడు మజ్జిగతో కుండెడు పాల గుణం మారిపోతుంది" అన్నాను. మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "కాదమ్మా. తోడు పాలల్లో పెరుగుతుంది. ఇది పెరగదు, వేసినంతే వుంటుంది. ఫాస్ఫరసుకు సిలికాను కన్నా ఒక ఎలక్ట్రాను ఎక్కువ. ఆ ఎక్కువైనది తిరుగుతూ కరెంటును మోస్తుంది" అంది. నా తప్పును దిద్దిన ఆ నిమిషాన, ఈ పిల్లకు పాఠం వచ్చిందని నాకు నమ్మకం కలిగింది. దాని మొహంలో కూడా చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

అంచేత, మనకు సబ్జెక్టు రాదని వెనకాడనక్కరలేదు. రాకపోవడమే ఒక్కోసారి మేలు. తెలియనివాళ్ళకు చెప్పాలంటే పిల్లలు విడమరిచి చెప్పాలి. మనం మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకుంటే చాలు: అదేమిటి? ఎందుకు? అది లేకపోతే ఏమవుతుంది? రెండు డయోడ్లున్న పూర్ణతరంగ రెక్టిఫయరులో ఒకటి తీసేస్తే ఏమవుతుందని అడిగాను. కరెంటులో సగభాగమే పనికొస్తుంది, అది అర్ధతరంగ రెక్టిఫయరు అయిపోతుంది అని చెప్పింది. రెండు పాఠాలు ఒక్క ప్రశ్నతో కలిసిపోయాయి. ఇక బొమ్మలు. వలయం బొమ్మ చూస్తే వచ్చినట్టే వుంటుంది. వేయిస్తే డయోడు గుర్తు తలకిందులవుతుంది. రోజూ ఒక బొమ్మ చూడకుండా వేయించి, పుస్తకంతో పోల్చుకోమనండి. పోల్చడం మనకూ వచ్చు. ఒక హెచ్చరిక: ఉత్సాహం కొద్దీ చార్జర్లు విప్పనివ్వకండి. కరెంటుతో ఆటలు వద్దు.

ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇందులో ఇంకో లాభముంది. మనకు తెలుగులో చెప్పాలంటే అర్థం చేసుకోక తప్పదు. చెప్పింతర్వాత దాన్నే ఇంగ్లీషులో అయిదారు వాక్యాలు రాయించాలి. పరీక్ష రాసేది ఆ భాషలో గదా.

మా అబ్బాయి చరిత్ర మరో రకం. 1919, 1920, 1922, 1930 అంటూ చాకలి పద్దులా వల్లించేవాడు. ఒక అంకె జారితే అన్నీ జారిపోయేవి. "ఒరేయ్, మీ పిన్ని పెళ్ళిలో ఎవరెందుకు అలిగారో చెప్పు" అన్నాను. ముందు ఎవరు ఏమన్నారు, దానిమీద ఎవరు లేచిపోయారు, ఎవరు బతిమాలి తీసుకొచ్చారు, అన్నీ వరసగా చెప్పాడు. ఒక్కటీ తారుమారు కాలేదు. ఒకదానివల్ల ఇంకొకటి జరిగింది గనుక వరస దానంతట అదే వస్తుంది. చరిత్రను కూడా అలాగే చెప్పమన్నాను.

మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిసింది. యుద్ధంలో సాయపడ్డాం గనుక స్వపరిపాలన యిస్తారని మనవాళ్ళు ఆశపడ్డారు. ఇచ్చింది 1919లో రౌలట్ చట్టం: విచారణ లేకుండానే నిర్బంధించవచ్చునని. దానిమీద దేశమంతా నిరసన. ఆ యేడు ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు. దానితో పుండైన మనసులు 1920లో సహాయ నిరాకరణకు లేచాయి. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసుస్టేషను తగలబెట్టారు, పోలీసులు చనిపోయారు. హింస జరిగిందని గాంధీజీ ఉద్యమాన్ని ఆపేశారు. చూశారా, ఇందులో బట్టీ పట్టవలసింది ఏముంది?

మన ప్రాంతపు సంగతులు కలిపితే మరింత గట్టిగా నిలుస్తాయి. 1921లో మునిసిపాలిటీ పన్నుల భారం మోయలేమని చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో ఇళ్ళు వదిలి, ఊరి బయట రామనగరం కట్టుకొని నెలల తరబడి వున్నారు. పసిపిల్లలతో, ముసలివాళ్ళతో ఆ పాకల్లో సంసారాలు నడిపిన ఆడవాళ్ళను తలచుకుంటే, అది పుస్తకంలోని ఒక వాక్యంగా మిగిలిపోదు. 1922 మొదట్లో పెదనందిపాడు రైతులు పన్ను కట్టమన్నారు. అదే సంవత్సరం ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద దాడి చేశాడు. ఇక్కడ మావాడే నన్ను అడిగాడు: "గాంధీగారు ఫిబ్రవరిలో ఉద్యమం ఆపేశారు గదా, మరి మన్యంలో ఆగస్టులో ఎందుకు లేచారు?" నాకు తెలియదు, నువ్వే వెతికి చెప్పమన్నాను. వెతికాడు. పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్న అటవీ చట్టాలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరీ, వీటి బాధ వాళ్ళకు ముందునుంచీ వుంది. మైదానంలో ఉద్యమం ఆగినంతమాత్రాన ఆ బాధ ఆగదు. తనంతట తాను అడిగి తెలుసుకున్న ఆ జవాబు వాడు మరచిపోలేదు.

సంవత్సరాలు అసలు అక్కరలేదని కాదు. గోడకు నాలుగు మేకులు కొట్టినట్టు 1857, 1885, 1905, 1919, 1930, 1942, 1947 వంటివి గట్టిగా పట్టుకుంటే, మిగతావి వాటికి తగిలించుకోవచ్చు. పటం కూడా వదలవద్దు. సబర్మతి ఎక్కడ, దండి ఎక్కడ, చౌరీచౌరా ఎక్కడ అని వేలు పెట్టి చూపించమనండి.

ఒకసారి అప్పజెప్పి వదిలేస్తే చాలదు. ఇవాళ చెప్పినదాన్ని మూడో రోజున ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి అడగాలి. మధ్యలో కొంచెం మరిచిపోతారు. ఫరవాలేదు, కష్టపడి గుర్తు తెచ్చుకున్నదే నిలుస్తుంది. వారానికొకసారి పాత ప్రశ్నపత్రం ఇచ్చి, గడియారం పెట్టి రాయించాలి. నిద్ర మాన్పించి చదివించవద్దు.

ఇంకొక మాట, ఇది నా తప్పు కూడా. అమ్మాయి రాత్రి పదకొండు దాకా ఎందుకు కూర్చుంటోందా అని చూస్తే, తొమ్మిదింటి దాకా అంట్లూ పక్కలూ దాని వంతే. అబ్బాయి మాత్రం ఏడింటికే పుస్తకం పట్టేవాడు. అలిసిన కళ్ళతో చదివినదానికి మార్కులు తగ్గితే, బుర్ర లేదని దాన్ని అన్నాం. ఆ రోజునుంచి అంట్లు అందరం పంచుకున్నాం. గిన్నెలు తోముతూనే నేను పాఠం వినేదాన్ని.

మా పిల్లలకు పెద్ద ర్యాంకులేమీ రాలేదు. ఇద్దరూ పాసయ్యారు. అమ్మాయి చదువు మానిపించే మాట మళ్ళీ మా యింట్లో ఎవరూ ఎత్తలేదు. ఒకవేళ తప్పినా, ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్షలుంటాయి. ఆ సంగతి ఫలితాలు వచ్చాక ఓదార్పుగా కాదు, పరీక్షలకు ముందే పిల్లలకు చెప్పండి. ఒక కాగితంకన్నా తాము తల్లికి ఎక్కువని వాళ్ళకు తెలియాలి.

ఇవాళ సాయంత్రం "చదివావా?" అని అడగకండి. కూర తరుగుతూ పక్కన కూర్చోబెట్టుకొని, "ఏం చదివావో నాకు అప్పజెప్పు" అనండి. తర్వాత వినండి. మన పని అంతే.

సెలవు.